అడిగినప్పుడల్లా పెట్టకండి: డ్వార్ఫ్ లయన్ ఫిష్ పొట్ట గురించి

(నల్లగొండలో ఒక ఆదివారం జరిగిన అక్వేరియం పెంపకందార్ల సమావేశంలో జూనియర్ కాలేజీ జువాలజీ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి, అటు మహబూబ్‌నగర్ నుంచి కూడా వచ్చారని చెప్పారు. చాలా సంతోషం. మనకు సముద్రం ఎటు వెళ్ళినా ఒక పూట ప్రయాణం. అయినా మన ఇళ్ళల్లో ఉప్పునీళ్ళ ట్యాంకులు పెట్టుకుని సముద్రపు చేపల్ని సాకుతున్నాం. కాబట్టి వాటి మంచిచెడ్డలు మనమే తెలుసుకోవాలి. పక్కింటివాళ్ళని అడిగితే చెప్పరు, వాళ్ళకు తెలియదు. చేపల డాక్టరు మన ఊళ్ళో లేడు.

నేను ఇవాళ ఒకే ఒక్క చేప గురించి మాట్లాడతాను. డ్వార్ఫ్ లయన్ ఫిష్. ఇందులో మనకు ఎక్కువగా వచ్చేవి రెండు రకాలు, జీబ్రా అనేది, ఫజ్జీ అనేది. పెద్ద లయన్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. ఇవి జానెడు లోపే ఉంటాయి. చిన్న ట్యాంకులో సరిపోతాయని, చూడ్డానికి నెమలి పింఛం విప్పినట్టు ఉంటాయని కొంటాం. నేను వీటి పొట్ట గురించి మాత్రమే చెబుతాను. ఎందుకంటే మన దగ్గర చచ్చిపోయిన లయన్ ఫిష్‌లలో నేను కోసి చూసినవి తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింట్లో ఏడు పొట్టతోనే పోయాయి. జబ్బు చేసి కాదు, తిండి లేక కాదు. మనం పెట్టిన తిండితో పోయాయి.

అందులో మొదటిది నాదే. అది చెప్పి మొదలుపెడతాను.

మే నెల. ఎండలు మీకు తెలుసు, చెప్పక్కర్లేదు. మా చెల్లెలి పిల్లలు, మా బావమరిది పిల్లలు సెలవులకు వచ్చారు. మా జీబ్రా లయన్ రొయ్యని ఎలా మింగుతుందో పిల్లలకు చూపించాను. మీరు చూసే ఉంటారు, రెక్కలు రెండు పక్కలా చాటలాగా విప్పి, మెల్లమెల్లగా దగ్గరకొచ్చి, రెప్పపాటులో లటుక్కున లాగేస్తుంది. ఒక పిల్లకు చూపిస్తే ఇంకో పిల్లాడు, "మామా, నేను చూడలేదు" అన్నాడు. వాడికోసం ఇంకోటి వేశాను. చిన్నది ఏడ్చింది, దానికోసం ఇంకోటి. చేప వద్దంటుందా? అనదు. మూడు రొయ్యలు మింగింది. పొట్ట నిమ్మకాయలా అయింది. ఆ రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. నేను లేచి చూసేసరికి ట్యాంకులో థర్మామీటరు 32 చూపిస్తోంది. చేప అడుగున పక్కకు ఒరిగి ఉంది. దాని ముందు సగం అరిగిన రొయ్య ఒకటి కక్కి ఉంది.

ఆ రోజు నాకు అర్థం కాలేదు. కరెంటు పోవడం వల్ల అనుకున్నాను. కానీ అదే ట్యాంకులో రెండు డామ్సెల్స్, అంటే చిన్న సముద్రపు చేపలు ఉన్నాయి, అవి బతికాయి. ఇదెందుకు పోయింది? ఆ ప్రశ్న పట్టుకునే నేను ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, కోసి చూస్తున్నాను.

రవ్వ పేగు, కొర్రమట్ట పొట్ట

ఒక్క మాట అడుగుతాను. మృగశిర కార్తె నాడు మీ ఇంట్లో చేప ఎవరు కోస్తారు? మీరే కోస్తారా, బజార్లో కోయించుకొస్తారా? ఈసారి కోసేటప్పుడు దగ్గరుండి చూడండి. రవ్వనో బొచ్చెనో కోస్తే లోపల ఏం కనిపిస్తుంది? సన్నటి పేగు, చుట్టలు చుట్టలుగా, విప్పితే చేప పొడవు కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. పొట్ట ఎక్కడుంది అని వెతకండి. దొరకదు. రవ్వకు పొట్ట లేదు. బొచ్చెకు లేదు. గోల్డ్‌ఫిష్‌కు లేదు. ఈ కార్ప్ జాతి అంతా అంతే. గొంతు దాటితే పేగే.

ఇప్పుడు కొర్రమట్టను కోయండి. మన రాష్ట్ర చేప కదా, అందరికీ తెలిసిందే. దాని లోపల స్పష్టంగా ఒక సంచి ఉంటుంది. గట్టి గోడలున్న సంచి. దాని వెనక పేగు చాలా పొట్టిగా, చేప పొడవు కూడా ఉండదు. ఎందుకలా? రవ్వ రోజంతా నాచు, చెత్త, నలక తింటూనే ఉంటుంది. అంత తక్కువ బలమున్న తిండిని అరిగించుకోవడానికి పొడవాటి పేగు కావాలి. కొర్రమట్ట అలా కాదు. గడ్డిలో కదలకుండా పొంచి ఉంటుంది. దొరికితే కప్ప, దొరక్కపోతే పస్తు. దొరికిన రోజు మొత్తం మింగి దాచుకోవాలి, తీరిగ్గా అరిగించుకోవాలి. అందుకు సంచి కావాలి.

లయన్ ఫిష్ కొర్రమట్ట లాంటిది. రవ్వ లాంటిది కాదు. ఈ మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు, మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

మరి మనం దానికి తిండి ఎలా పెడుతున్నాం? గోల్డ్‌ఫిష్‌కు పెట్టినట్టు పెడుతున్నాం. షాపులో ఏం చెప్పారు? "రోజుకు రెండు పూటలా కొంచెం కొంచెం వెయ్యండి సార్." ఆ మాట పొట్ట లేని చేపకు సరిగ్గా సరిపోతుంది. సంచి ఉన్న చేపకు సరిపోదు. పొద్దున తిన్నదే ఇంకా అరగలేదు, సాయంత్రం మళ్ళీ మీద వేస్తున్నాం. షాపువాళ్ళని తప్పు పట్టడం లేదు నేను, ఇక్కడ షాపుల వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు వందలో తొంభై మంది గోల్డ్‌ఫిష్, గప్పీ కొనేవాళ్ళే. అలవాటైన మాట వస్తుంది.

ఇజ్రాయెల్‌లో లెవ్ ఫిషెల్సన్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన 1997లో అచ్చేసిన పరిశోధనలో మనం చెప్పుకుంటున్న ఫజ్జీ డ్వార్ఫ్‌నూ, పెద్ద లయన్ ఫిష్‌నూ తీసుకుని అవి ఎంత తింటాయి, ఎన్నాళ్ళు తినకుండా ఉండగలవు అని చూశారు. వాటి పొట్ట ఖాళీగా ఉన్నప్పటి కంటే 30 రెట్ల దాకా సాగుతుందని తేలింది. 30 రెట్లు! 12 వారాలు తిండి లేకపోయినా అవి చావలేదు. అంటే మూడు నెలలు. మీ చేపను మూడు నెలలు పస్తు పెట్టమని నేను చెప్పడం లేదు, దయచేసి అలా తీసుకోకండి. దాని ఒళ్ళు దేనికోసం తయారైందో చెబుతున్నాను. దొరికినప్పుడు తినాలి, రేపు దొరుకుతుందో లేదో తెలియదు. ఆ బుద్ధి దానికి పుట్టుకతో ఉంది. మీరు రోజూ గ్లాసు దగ్గరకు వెళ్తే అది రోజూ వస్తుంది. అది ఆకలి అనుకుంటాం. "పాపం అడుగుతోంది" అంటాం. అది అడగడం కాదమ్మా, అది వేట. మీ వేలు కదిలినా వస్తుంది.

ఇలా అడిగినప్పుడల్లా పెట్టిన చేప ఏమవుతుంది? నేను కోసిన వాటిలో నాలుగింటికి కాలేయం పాలిపోయి, పసుపుపచ్చగా, వేలితో ముట్టుకుంటే నూనె అంటింది. పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు పేరుకుని ఉంది. బయటికి ఆ చేపలు బాగా బొద్దుగా, అందంగా కనిపించాయి. యజమానులు "బాగా తింటోంది సార్, హఠాత్తుగా పోయింది" అన్నారు. ఆ కాలేయం ఒక్కరోజులో అలా అవలేదు. ఏడాది పాటు అయింది. అట్లాంటిక్‌లో లయన్ ఫిష్ పరాయి చేప. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదట కనిపించింది. అక్కడ దాన్ని చూసి తప్పుకోవడం తెలియని చేపలు బోలెడు. తిండి అంత సులువుగా దొరికేసరికి ఆ సముద్రంలో పట్టిన వాటిల్లో కూడా కొవ్వు పేరుకున్న కాలేయాలు కనిపించాయి. సముద్రంలోనే అలా అయితే మన నాలుగడుగుల ట్యాంకు సంగతి ఆలోచించండి.

ఎంత, ఎప్పుడు

సరే, మరి ఎంత పెట్టాలి? పెద్దదైన డ్వార్ఫ్‌కు రెండు మూడు రోజులకు ఒకసారి. వారానికి మూడుసార్లు మించొద్దు. రెండంగుళాల పిల్ల అయితే రోజూ పెట్టండి, కానీ చాలా చిన్న ముక్కలు. ముక్క ఎంత ఉండాలి? దాని రెండు కళ్ళ మధ్య ఎంత దూరం ఉందో అంత. తిన్న తర్వాత పొట్ట పక్కనుంచి చూస్తే కొంచెం ఉబ్బినట్టు కనపడాలి. నిమ్మకాయలా కాదు. మరుసటి రోజుకు ఆ ఉబ్బు తగ్గాలి. తగ్గలేదంటే ఆ రోజు తిండి లేదు. ఆ మర్నాడు కూడా తగ్గలేదంటే ఆ రోజూ లేదు. క్యాలెండరు చూసి పెట్టకండి, పొట్ట చూసి పెట్టండి.

పెద్ద ముక్క మింగితే ఏమవుతుంది? నోట్లో పట్టిందల్లా అరుగుతుందని అనుకోవద్దు. పొట్టలో ఆమ్లం ముక్క పైనుంచి లోపలికి తింటూ పోవాలి. ముక్క మరీ పెద్దదైతే నడిమధ్యకు ఆమ్లం చేరేలోపు అది కుళ్ళడం మొదలవుతుంది. కుళ్ళితే గ్యాస్ పుడుతుంది. చేప తల కిందికి పెట్టి తేలుతుంది, లేదా ఒరుగుతుంది, లేదా కక్కేస్తుంది. కక్కితే నిజానికి అదృష్టం. వెంటనే ఆ కక్కింది తీసేయండి. ఉప్పునీళ్ళ ట్యాంకులో అమ్మోనియా పెరగడానికి సగం అరిగిన రొయ్య ఒక్కటి చాలు.

ఇక్కడికి వచ్చాం కాబట్టి నా మే నెల రాత్రి సంగతి చెబుతాను. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి. ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కంటే ఇంకా తక్కువ పట్టుకుంటాయి. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు పడితే, సముద్రపు నీళ్ళలో 6.7 దాకా పడుతుంది. 32 డిగ్రీలకు వస్తే 6. అది కూడా పంపు తిరుగుతుంటే. పంపు ఆగితే ఇంకా పడిపోతుంది. అటు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంటే, ఇటు చేపకు అవసరం పెరుగుతుంది. ఎందుకు? తిన్నది అరిగించుకోవడం పెద్ద పని. కడుపునిండా తిన్న చేప ఖాళీ కడుపు చేప కంటే చాలా ఎక్కువ ఆక్సిజన్ వాడుతుంది. మా డామ్సెల్స్ ఎందుకు బతికాయి? వాటి కడుపులో ఏం లేదు. మా లయన్ ఎందుకు పోయింది? మూడు రొయ్యలు ఉన్నాయి కాబట్టి.

కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా మన జిల్లాల్లో ఈ చేప తిండి సగానికి తగ్గించండి. ట్యాంకు 29 దాటిన రోజు అసలు పెట్టకండి. గాలి, వాన వచ్చి కరెంటు పోయేలా ఉన్న సాయంత్రం పెట్టకండి. బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి పంపు ఒకటి తప్పకుండా కొనిపెట్టుకోండి. మన మహబూబ్‌నగర్ అన్న ఒకాయన ఇన్వర్టరుకు పంపు ఒక్కటే కలిపాడట, అది ఇంకా మంచిది.

ఇంకో ముఖ్యమైన మాట, ఎప్పుడు పెట్టాలి? కొత్తగా వచ్చిన చేపకు పొద్దుగూకే వేళ, లైటు తగ్గించి పెట్టండి. సహజంగా అది వేటాడే సమయం అదే. అలవాటు పడ్డాక మెల్లగా ముందుకు జరిపి సాయంత్రం నాలుగింటికి తీసుకురండి. అప్పుడు పడుకునే లోపు ఐదారు గంటలు దాన్ని కనిపెట్టి చూడొచ్చు.

ఇక ఏం పెట్టాలి అన్నది. దీని గురించి నేను కొంచెం గట్టిగా చెబుతాను, ఏమనుకోకండి.

గోల్డ్‌ఫిష్ పిల్లలు వేయకండి. షాపులో పది రూపాయలకు దొరుకుతాయి, వేస్తే లటుక్కున తింటుంది, మనకు చూడ్డానికి బాగుంటుంది. కానీ గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేస్ అనే పదార్థం ఉంటుంది. అది బి1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. కార్ప్ జాతి చేపల్లో చాలావాటికి ఇది ఉంది. రెండు మూడు నెలలు అదే తిండి అయితే చేపలో బి1 అయిపోతుంది. అప్పుడు తిండి వదిలేస్తుంది, గురి తప్పుతుంది, రొయ్య ముందే ఉన్నా అందుకోలేదు, గుండ్రంగా తిరుగుతుంది. ఇది ఎలా తెలిసిందో తెలుసా? నక్కల వల్ల. 1932లో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో చాస్టెక్ అనే ఆయనకు నక్కల ఫారం ఉండేది. బొచ్చు కోసం పెంచేవారు. పచ్చి కార్ప్ చేపలు మేత వేశారు. నక్కలకు కాళ్ళు చచ్చుబడి చనిపోయాయి. ఇప్పటికీ పశువైద్యంలో ఆ జబ్బుకు ఆయన పేరే. ఉడికిస్తే ఈ థయామినేస్ పోతుంది. కానీ ఫ్రీజర్‌లో పెడితే పోదు. "నేను గడ్డకట్టించి వేస్తున్నా సార్" అనేవాళ్ళు ఈ మాట గమనించండి. నెత్తళ్ళలో కూడా ఈ గుణం ఉంది, అందుకని అవి ఎప్పుడో ఒకసారి మాత్రమే.

రెండో సంగతి కొవ్వు. సముద్రపు చేపకు ఒమేగా-3 కొవ్వుల్లో కొన్ని తిండిలోనే దొరకాలి. తనంతట తాను సరిపడా తయారు చేసుకోలేదు. మంచినీళ్ళ చేపల్లో అవి తక్కువ. కోడి కాలేయం, మటన్ ముక్కలు వేసేవాళ్ళు కూడా ఉన్నారు. వేడి రక్తపు జంతువుల కొవ్వు చేప ఒంట్లో సరిగా అరగదు. దయచేసి మానేయండి.

చెరువులో పట్టిన జిలేబి చేప పిల్లలు వేస్తారు కొందరు. ఉప్పునీళ్ళలో కూడా బతికి ఉంటాయని. వాటి వెన్ను మీద ముళ్ళు చూశారా? బెదిరితే నిక్కబొడుస్తాయి. గొంతులో అడ్డం పడితే మనం తీయలేం. మురిక్కాలువల్లో దోమల కోసం వదిలిన గంబూసియాను పట్టుకొచ్చి వేయడం కూడా అంతే ప్రమాదం. ఆ కాలువలో ఏముందో అదంతా మీ ట్యాంకులోకి వస్తుంది.

మరి ఏం వేయాలి? డ్వార్ఫ్ లయన్ సముద్రంలో ఎక్కువగా తినేది చిన్న చిన్న రొయ్యలు, పీతలు. కాబట్టి రొయ్యే ప్రధానం. బజార్లో వచ్చే వనామీ రొయ్య తీసుకోండి. ఐస్ కరిగి వాసన వస్తున్నది వద్దు. తల తీసేయండి. తల ముందుండే ఆ ముల్లు పేగును చీల్చగలదు. చిన్న ముక్కలు చేసి, ఒక్కో పూటకు సరిపడా విడివిడిగా ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మూడు నెలలు దాటినవి పారేయండి, కొవ్వు చెడిపోతుంది. గడ్డ గడ్డగా వేయకండి, ట్యాంకు నీళ్ళలోనే కరగనిచ్చి వేయండి. ప్రతిసారీ రొయ్యే కాకుండా కణవ (స్క్విడ్) ముక్క, చందువ ముక్క, ఆల్చిప్ప మాంసం దొరికితే అది, ఇలా మార్చి మార్చి వేయండి. వారానికి ఒకసారి విటమిన్ ద్రావణంలో నానబెట్టి వేయండి. ఎంత మంచి తిండి అయినా ఒక్కటే పెడితే లోపం వస్తుంది. మనం కూడా ఏడాదంతా ఒకే కూరతో తినం కదా.

బతికున్న తిండే కావాలనుకుంటే ఇంట్లో మోలీలు పెంచుకోండి. మోలీని మెల్లగా ఉప్పునీళ్ళకు అలవాటు చేయవచ్చు, అందులోనే పిల్లలు పెడుతుంది. పిల్లలకు వారం పాటు మంచి తిండి పెట్టి అప్పుడు వేయండి. అవి తిన్నదే మీ లయన్ తింటుంది.

చచ్చిన తిండి ముట్టదు, కదిలేదే కావాలి, ఏం చేయమంటారు అని చాలామంది అడుగుతారు. ఇక్కడ కొర్రమట్ట పెంచే రైతులు ఎవరైనా ఉన్నారా? ఆ, అన్నా, ఒక్కసారి చెయ్యెత్తండి. ఈ అన్నను అడగండి. కొర్రమట్ట పిల్లను గుళికల మేతకు ఎలా మళ్ళిస్తారు? ఒక్కరోజులో మళ్ళించరు. చేప గుజ్జులో మేత పిండి కొంచెం కలుపుతారు, రోజురోజుకూ పెంచుతారు. ఇక్కడా ఓపికే. కొబ్బరి చీపురు ఈనె తీసుకోండి. కొస మొద్దుగా కోయండి, కంట్లో గుచ్చుకోకుండా. రొయ్య ముక్కను గట్టిగా గుచ్చకుండా, ఊడిపోయేలా తగిలించండి. చేప ముందు నుంచి కాకుండా పక్కనుంచి, అడుగున ఇసుకకు దగ్గరగా, రొయ్య నడిచినట్టు కొంచెం లాగండి, ఆపండి. మళ్ళీ లాగండి, ఆపండి. ఆపడంలోనే ఉంది కిటుకు. ఆగినప్పుడే అది కొడుతుంది. మొదట బతికున్న రొయ్యలతో కలిపి ఒక చచ్చిన ముక్క. తర్వాత సగం సగం. నాకు ఒక ఫజ్జీతో 23 రోజులు పట్టింది. ఇప్పుడది ఈనె కనిపిస్తే చాలు వస్తుంది.

చెయ్యి మాత్రం ట్యాంకులో పెట్టకండి. ఎంత మచ్చికైనా సరే. వెన్ను మీద 13 ముళ్ళు, కింద ఇంకో ఐదు, అన్నింట్లో విషం. గుచ్చుకుంటే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి ఉంచాలి. ఆ విషం వేడికి విరిగిపోతుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్ళండి. ఇళ్ళల్లో పిల్లలున్నారు, అందుకని చెబుతున్నాను.

తెల్లటి దారం

ఇప్పుడు ఒక అపోహ. ఫోటోలు పంపిస్తారు నాకు. "సార్, మలం తెల్లగా దారంలాగా వస్తోంది, పురుగులు పడ్డాయి, మెట్రోనిడజోల్ వేశాను." నేను అడిగే మొదటి ప్రశ్న, "తిని ఎన్ని రోజులైంది?" "వారం నుంచి తినడం లేదు సార్."

సముద్రపు చేప నీళ్ళు తాగుతుంది. మంచినీళ్ళ చేప దాదాపు తాగదు. సముద్రపు చేప చుట్టూ ఉప్పు కాబట్టి ఒంట్లో నీళ్ళు బయటికి పోతూనే ఉంటాయి. అందుకని తాగుతూనే ఉండాలి. తాగిన ఉప్పునీళ్ళలోంచి నీటిని పేగే లాక్కుంటుంది. ఆ క్రమంలో నీళ్ళలో ఉన్న కాల్షియం పేగులో సున్నంలాగా గడ్డకట్టి, జిగురు చుట్టుకుని, తెల్లటి గుళికల్లా, దారాల్లా బయటికి వస్తుంది. కడుపులో తిండి ఉంటే మలంలో కలిసిపోతుంది, కనపడదు. ఖాళీ కడుపుతో ఉంటే తెల్లగా కనపడుతుంది. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, సముద్రాల్లో తయారయ్యే సున్నంలో 3 నుంచి 15 శాతం ఇలా చేపల పేగుల్లోంచే వస్తుందని లెక్కగట్టింది. అంత మామూలు విషయం అది. తెల్లదారం కనపడగానే మందు వేయకండి. మందు నీళ్ళలో కలిపితే ఈ చేప ఆ నీళ్ళు తాగుతుంది, నేరుగా పేగులోకే పోతుంది.

తింటూ కూడా తెల్లటి దారం వస్తూ, తల మీద మాంసం తగ్గి, వెన్ను పల్చబడుతుంటే అప్పుడు పరాన్నజీవులు అనుకోవచ్చు. అందులోనూ మెట్రోనిడజోల్ కంటికి కనపడని ఏకకణ జీవుల మీద పనిచేస్తుంది. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ వేరే. రెండూ ఒకటి కాదు.

నీళ్ళు తాగుతుందని చెప్పాను కాబట్టి ఒక మాట. మీరు ఏ నీళ్ళలో ఉప్పు కలిపితే ఆ నీళ్ళే దాని కడుపులోకి పోతాయి. తాగే నీళ్ళు ఒంటిని ఏం చేస్తాయో నల్లగొండ వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వంగిపోయిన మన పెద్దల ఎముకలు చూశాం. సముద్రపు నీళ్ళలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది. దాని మీద బోరు నీళ్ళ ఫ్లోరైడ్, నైట్రేటు, సున్నం కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. ఆర్‌ఓ నీళ్ళే వాడండి. డబ్బుకు వెనకాడొద్దు.

పొట్ట ఉబ్బి, మలం రాక, రెండు మూడు రోజులు అలాగే ఉంటే ఏం చేయాలి? మొదట తిండి ఆపేయండి. వేరే చిన్న ట్యాంకులో అవే ఉప్పునీళ్ళు, అదే వేడి, గాలి బాగా పెట్టి, 20 లీటర్లకు ఒక టేబుల్ స్పూన్ చొప్పున ఎప్సమ్ సాల్ట్ విడిగా కరిగించి మెల్లగా పోయండి. మెడికల్ షాపులో దొరికేదే, మెగ్నీషియం సల్ఫేట్. మనుషులకు విరేచనానికి ఇచ్చేది. పేగులోకి నీటిని లాగి కదిలిస్తుంది. పట్టేటప్పుడు వలతో కాదు, డబ్బాతో పట్టండి, ముళ్ళు వలలో చిక్కుకుంటాయి. పొట్ట నొక్కడం, నోట్లోకి గొట్టం పెట్టడం లాంటివి దయచేసి చేయకండి. ఎవరో వీడియోలో చేశారని ఒక అబ్బాయి చేశాడు. ఆ చేపను కూడా నేనే కోసి చూశాను. పొట్ట గోడ చిరిగి ఉంది. ఆ అబ్బాయి నా ముందే ఏడ్చాడు.

ఇంకొకటి. లయన్ ఫిష్ పాములాగా కుబుసం విడుస్తుంది, తెలుసా? పై పొర పల్చగా ఊడిపోతుంది. ఆ రోజుల్లో ఒకటి రెండు రోజులు తినదు, ఆవులిస్తుంది, ఒళ్ళు విదిలిస్తుంది. టెన్షన్ పడి ఏదో ఒకటి వేసి బతిమాలకండి. మూడో రోజు అదే వస్తుంది. కానీ పొట్ట లోపలికి పోయి, ఊపిరి వేగంగా తీసుకుంటూ, మూల పట్టుకుని ఉంటే అది కుబుసం కాదు. ముందు నీళ్ళు పరీక్షించండి, అమ్మోనియా చూడండి.

ఇక మీ ప్రశ్నలు. ఆ, చెప్పమ్మా. గట్టిగా చెప్పు, వెనకాల వాళ్ళకు కూడా వినపడాలి.

దసరాకు పది రోజులు అమ్మమ్మ వాళ్ళ ఊరు అచ్చంపేట వెళ్తున్నారట. పక్కింటి ఆంటీకి చెప్పి రోజూ రొయ్య వేయించాలా అని అడుగుతోంది. మీ చేప ఎంత పెద్దది? నా అరచేతి అంతా? తింటోందా బాగా? అయితే ఎవరికీ చెప్పొద్దు తల్లీ. వెళ్ళే ముందు రోజు కూడా పెట్టకు, రెండు రోజుల ముందు ఒక చిన్న ముక్క పెట్టు చాలు. పది రోజులు దానికి ఏమీ కాదు. పక్కింటి ఆంటీకి మాత్రం తాళం ఇచ్చి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వచ్చి పంపు తిరుగుతోందా లేదా చూడమని చెప్పు. ఫ్రీజర్‌లో రొయ్యలు ఉన్నాయన్న సంగతి ఆమెకు చెప్పకు. నువ్వు వచ్చాక కూడా మొదటి రోజు సగం ముక్కే. పది రోజులు తినలేదని జాలిపడి రెండు వేయకు. సరేనా? వచ్చాక నాకు ఒక ఫోటో పంపు, పక్కనుంచి తీసింది, పొట్ట కనపడేలా.